ఈల ఎవరి చేతిలో ఉండాలి?

ఏలూరు అల్లూరి సీతారామరాజు స్టేడియం మెట్ల మీద మొదలైన వాదన చీకటి పడ్డా తెగలేదు. ఒకవైపు రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్న వ్యాయామోపాధ్యాయుడు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఉద్యోగమంతా చేసి, మధ్యలో కుర్రతనంలోనే పటియాలా వెళ్లి ఆరు వారాల కోచింగ్ కోర్సు చేసొచ్చిన మనిషి. రెండోవైపు ఆయన దగ్గరే చెడుగుడు నేర్చుకుని రాష్ట్ర జట్టుకి ఆడిన ఆవిడ. పెళ్లయి కైకలూరు వైపు ఒక లంక గ్రామానికి వెళ్లాక, చేపల చెరువు గట్టు కింద చదునైన జాగా చూసుకుని, తెల్లారకముందే ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతోంది. జీతం లేదు. పిల్లలు ‘అక్కా’ అంటారు, ఊరు కూడా అలాగే అంటుంది.

కిందటి వారం ఎంపిక పోటీలకి పిల్లల్ని తీసుకెళ్తే, కోర్టు పక్కన కోచ్‌ల కుర్చీల దగ్గర సర్టిఫికెట్ చూపించమన్నారు. లేదంది. అయితే వెళ్లి జనంలో కూర్చోమన్నారు.

“వాళ్లు అడిగింది న్యాయమే” అన్నారు మాస్టారు.

అక్కకి ఒళ్లు మండింది. “కూత ఎక్కడ మొదలెట్టాలో, ఊపిరి ఎక్కడిదాకా ఆపాలో, బోనస్ గీత మీద కాలు ఎప్పుడు వెయ్యాలో ఆ పిల్లలకి చెప్పింది నేనండి. ఏ కాగితం చెప్పింది? మీరు కూడా ఇలా అంటే ఎలాగండీ మాస్టారూ!”

ఆయన వెనక్కి తగ్గలేదు. మన దేశంలో కోచ్ అనేవాడు ఒక చదువు చదివి రావాలన్న ఆలోచన ఎలా పుట్టిందో చెప్పుకొచ్చారు. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరిట కేంద్రం ఒక కోచింగ్ పథకం పెట్టింది. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో మనవాళ్లు చతికిలబడ్డాక ఆ పథకం ఒక్కటే చాలదని తేలింది. 1961 మే 7న పటియాలాలో పాత మోతీబాగ్ ప్యాలెస్‌లో జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) మొదలైంది. 1973లో దానికి నేతాజీ సుభాష్ పేరు పెట్టారు. “ఎన్ఐఎస్ చేశాడు” అంటే ఇప్పటికీ ఊళ్లలో కోచ్‌కి ఒక గౌరవం. అక్కడ ఏడాది డిప్లొమాలో ఆట ఒక్కటే నేర్పరు. శరీర ధర్మం, ఎముకల కండరాల కదలిక, మనస్తత్వం, తిండి, గాయాలు, ఏడాది పొడుగునా సాధనని ఎలా పంచుకోవాలన్న శాస్త్రం, అన్నీ ఉంటాయి. అంత తీరిక లేనివాళ్లకి వేసవిలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు.

చాలామంది ఇక్కడ ఒక సంగతి కలిపేస్తారు. దెందులూరు దగ్గర గోపన్నపాలెం వ్యాయామ కళాశాలలో బీపీఈడీ చదివి బయటికొచ్చినవాళ్లు బడిలో వ్యాయామోపాధ్యాయులు, అంటే పీఈటీలవుతారు. బీపీఈడీ బళ్లో పిల్లలందరికీ ఆటలు ఆడించే చదువు. ఒక ఆటని ఎంచుకుని, ఒక క్రీడాకారిణిని ఏళ్ల తరబడి తీర్చిదిద్దే చదువు వేరు. ఆ తేడా తెలియక రెండూ ఒకటే అనుకుని, పీఈటీ ఉన్నాడు కదా, ఇంక కోచ్ ఎందుకని అడిగే ప్రధానోపాధ్యాయుల్ని మాస్టారు తన సర్వీసులో చాలామందినే చూశారు.

అక్క దగ్గరా పేర్లున్నాయి. కొల్లేటికి అవతల గట్టున ఉన్న గుడివాడ నుంచే మొదలెట్టింది. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. నేర్పింది తండ్రి అశోక్. ఉద్యోగం వదిలేసి కూతురి ఎదుట చదరంగం బల్ల పరుచుకుని కూర్చున్నాడు. 2006లో ద్రోణాచార్య అవార్డు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరికి మొదట బరువు ఎత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారు పల్లెటూరి వ్యాయామశాల మనిషి. ఆ పిల్లే 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది.

“వాళ్లనీ గ్యాలరీలో కూర్చోబెట్టేవారాండీ?” అంది.

మాస్టారు నవ్వలేదు. ఆ పేర్లంటే ఆయనకి భక్తి. కానీ వాటిని అక్క వాడుకున్న తీరు నచ్చలేదు. “నీకు తెలిసిన పేర్లే నాకూ తెలుసు. పీటీ ఉష కోచ్ నంబియార్ గారు వైమానిక దళంలో పనిచేసి, ఎన్ఐఎస్ డిప్లొమా తీసుకుని వచ్చినవాడు. 1985లో మొట్టమొదటి ద్రోణాచార్యల్లో ఆయనొకడు. నీవైపు ఇద్దరుంటే నావైపు ఒకణ్ని చూపిస్తాను. ఇలా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ తండ్రి నాలాగే వ్యాయామోపాధ్యాయుడు. ఇంట్లో రాకెట్ పట్టించాడు. 2014లో గోపీచంద్ అకాడమీకి పంపేశాడు. మల్లీశ్వరి కూడా తర్వాత జాతీయ శిబిరాలకి వెళ్లింది, బెలారస్ వాడు తారానెంకో దగ్గర నేర్చుకుంది. మొదటి గురువు గొప్పతనం ఎక్కడుందో చూశావా? తనకి తెలిసింది ఎక్కడ అయిపోతుందో తెలుసుకోవడంలో ఉంది. నీకు ఎక్కడ అయిపోతుందో నీకు తెలుసా?”

అక్క మాట్లాడలేదు. ఆ ప్రశ్న వెనక ఒక పిల్ల ఉంది. ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

పదిహేనేళ్ల రైడర్. కాళ్లలో మెరుపున్న పిల్ల. ఏడాది కిందట పట్టు తప్పించుకుని గాల్లోకి లేచి, ఒంటికాలి మీద దిగింది. మోకాలు లోపలికి వాలింది. టప్పుమని శబ్దం పక్కనున్నవాళ్లకీ వినిపించింది. అక్క వెంటనే ఐసు పెట్టింది. వాపు తగ్గగానే కట్టు కట్టి మూడు వారాలకి మళ్లీ ఆడించింది. రెండోసారి పడ్డప్పుడు ఏలూరు తీసుకొచ్చి స్కానింగ్ చేయిస్తే మోకాలి లోపలి లిగమెంటు, ఏసీఎల్, పూర్తిగా తెగిపోయిందని తేలింది. ఆ పిల్ల ఇప్పుడు కుట్టుమిషన్ నేర్చుకుంటోంది.

“ఎవరికి మాత్రం జరగదండీ?” అంది అక్క, గొంతు తగ్గించి.

“ఎవరికైనా జరుగుతుంది. ఆడపిల్లలకి ఇంకా ఎక్కువ జరుగుతుంది. మగపిల్లలతో పోలిస్తే ఆ లిగమెంటు తెగే ప్రమాదం వాళ్లకి రెండు రెట్ల పైమాటే. అది తెలిసినవాళ్లు ముందు కిందకి దిగడం నేర్పుతారు. గెంతి దిగినప్పుడు మోకాలు కాలివేళ్ల వైపే ఉండాలి, లోపలికి పోకూడదు. తొడ వెనక కండరాలకి బలం పెంచాలి. ఫుట్‌బాల్ వాళ్లు ఇరవై నిమిషాల వార్మప్ ఒకటి తయారు చేశారు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల ఆడపిల్లల మీద దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు బయటపెట్టారు. పెద్ద గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. దానికి మిషన్లు అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు. నీ చెరువు గట్టు కింద జాగా సరిపోతుంది. కానీ తెలియాలి కదా అమ్మాయ్!”

ఇక్కడ ఆగి ఆయన చెప్పిన మాటే ఈ సంవాదానికి ఆయువుపట్టు. కోచ్ చదువుని మనం ఎప్పుడూ పతకంతోనే తూస్తాం. పతకం తెచ్చిన పిల్ల వెనక పట్టా ఉన్నవాడున్నాడా లేనివాడున్నాడా అని చూస్తాం. అలా చూస్తే ఈ వాదన ఎప్పటికీ తేలదు, ఎందుకంటే మహా ప్రతిభ ఉన్న పిల్ల ఎవరి చేతిలో పడ్డా ఎంతో కొంత దూరం పోతుంది. నేర్చుకోవడానికి వచ్చిన మిగతా పిల్లల సంగతి ఎవరు చూస్తారు? వాళ్లెవరూ రాష్ట్ర జట్టులోకి కూడా రారు. ముప్ఫై ఏళ్లొచ్చాక వాళ్లు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నారా, మామూలుగా ఎక్కుతున్నారా? మాస్టారి దృష్టిలో కోచ్‌కి చదువు కావాల్సింది వాళ్ల కోసం.

బరువు సంగతీ ఎత్తారు. సబ్ జూనియర్ కబడ్డీలో 55 కిలోల హద్దు. తూకం రోజు ముందర పిల్లలకి అన్నం మాన్పించి, నీళ్లు తాగనివ్వకుండా, ఎండలో రెండు చొక్కాలు తొడిగి పరిగెత్తించడం మన జిల్లాల్లో చాలాచోట్ల జరిగేదే. అక్క కూడా చేయించింది. మే నెలలో ఏలూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫొగాట్ వంద గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుందని దేశమంతా బాధపడింది. అంతమంది డాక్టర్లు, కోచ్‌లు పక్కనుండగా రాత్రంతా ఒంట్లో నీరు పిండినా అలా అయింది. పద్నాలుగేళ్ల పిల్లతో, పక్కన ఒక్క డాక్టరు కూడా లేకుండా, అదే పని చెరువు గట్టు మీద చేయిస్తున్నామంటే ఎంత భయపడాలి?

అప్పుడన్నారు ఆ గట్టి మాట. “కోపం తెచ్చుకోకు. నువ్వు మన ఊళ్లో ఆర్ఎంపీ లాంటిదానివి. మనసు మంచిది, చెయ్యి మంచిది. ఏ జ్వరానికి ఏ సూది వెయ్యకూడదో మాత్రం తెలీదు.”

అక్క చాలాసేపు చెరువులో వల లాగేవాళ్ల ఓపికతో విన్నది. ఇప్పుడు మాత్రం మాట చటుక్కున వచ్చింది. “అవునండి. ఆర్ఎంపీనే. అర్ధరాత్రి లంకలోకి వచ్చేది ఆర్ఎంపీ ఒక్కడే కదండీ. పెద్ద డాక్టరు గారు రారు. మరి ఆర్ఎంపీని వద్దంటే ఎవర్ని పంపుతారో చెప్పండి.”

మాస్టారు ఆగిపోయారు. అక్కడి నుంచి వాదన పగ్గం ఆవిడ చేతికొచ్చింది.

పటియాలా డిప్లొమాకి మామూలుగా డిగ్రీ ఉండాలి. ఆవిడ ఇంటర్‌తో ఆగింది. ఆరు వారాల కోర్సుకైనా చంటిపిల్లని అత్తగారి దగ్గర వదిలి, హిందీ, ఇంగ్లిషుల్లో జరిగే పాఠాలకి వెళ్లాలి. బెంగళూరులోనూ డిప్లొమా ఉంది, కానీ ఏడాది అక్కడ ఉంటే ఇంట్లో ఎవరు వండుతారు, చెరువు మేతకి ఎవరు వెళ్తారు? ఆ ఏడాది ఆ పాతికమంది ఆడపిల్లలకి ఈల ఊదేదెవరు? “నేను చదువుకోకూడదని నేననట్లేదండి. చదువే నా దగ్గరికి రాకూడదా అంటున్నా.”

ఇంకో మాట కూడా అంది. అది మాస్టారు కూడా ఎప్పుడూ ఆలోచించని మాట. పటియాలా పుస్తకాల్లో సోవియట్ శాస్త్రవేత్త మత్వేయెవ్ చెప్పిన పద్ధతి ఉంటుంది. ఏడాదిని సిద్ధపడే కాలం, పోటీల కాలం, విశ్రాంతి కాలం అని పంచుకోవాలి. మాస్టారు తన కోర్సు నోట్సులోంచి ఒకప్పుడు ఆవిడకి కూడా చెప్పారు. “కొల్లేటికి ఆ క్యాలెండరు పనికిరాదండీ. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లన్నీ మా మీదికే. ఉప్పుటేరు లాగేదాకా దిగవు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఏం చేసిందో చూశారుగా, విజయవాడ మునిగాక ఆ నీళ్లు మా లంకల మీదికొచ్చాయి. కోర్టు గీసుకునే జాగా నీళ్లలో ఉంది. పోటీలు మాత్రం ఆ తర్వాత నెలల్లోనే. ఆ రోజుల్లో బడి వరండాలో, గోడకి చేతులు ఆనించి, తాడు గెంతించి నేను పిల్లల్ని నిలబెట్టుకున్నా. అది ఏ డిప్లొమాలో ఉందండీ?”

లేదు. ఉండాల్సిన మాటే అది. నీళ్లలో మునిగే ఊళ్లలో ఆట ఎలా నిలబెట్టాలన్నది ఆవిడకి తెలిసినంతగా పటియాలాలో ఎవరికీ తెలియదు.

మాస్టారు ఈసారి దూరదేశాల నుంచి సాయం తెచ్చుకున్నారు. జర్మనీలో ఊరూరా క్రీడా సంఘాలుంటాయి, నేర్పేవాళ్లలో ఎక్కువమంది అక్కలాగే జీతం లేనివాళ్లు. వాళ్లకి మొదటి మెట్టు లైసెన్సు 120 పాఠాల కోర్సు. వారాంతాల్లో, సొంత జిల్లాలోనే పూర్తి చేసుకోవచ్చు. లైసెన్సుకి గడువుంటుంది, మళ్లీ కొన్ని పాఠాలు విని పొడిగించుకోవాలి. ఆటలతో సంబంధం లేని కోచ్‌ల గురించీ చెప్పారు. కంపెనీల మేనేజర్లకి, ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి మాటలతో దారి వెతికిపెట్టే కోచ్‌లు ఇప్పుడు హైదరాబాదులోనూ ఉన్నారు. 1995లో అమెరికాలో పెట్టిన ఐసీఎఫ్ అనే సంస్థ వాళ్లకి పట్టాలిస్తుంది. మొదటి పట్టాకే అరవై గంటల శిక్షణ, వంద గంటలు నిజంగా మనుషులతో పనిచేసిన లెక్క, పది గంటలు సీనియర్ కోచ్ దగ్గర తన పని చూపించి దిద్దించుకోవడం, ఆపైన పరీక్ష. “ఆఫీసులో కూర్చునేవాళ్లతో మాట్లాడటానికే ఇన్ని గంటల లెక్క అడుగుతుంటే, ఎదిగే పిల్ల ఎముకలతో పనిచేసే నీకు ఏ లెక్కా వద్దా?”

“లెక్క కావాలండి! నా గంటలు లెక్కపెట్టమనే కదా మొత్తుకుంటున్నాను. వంద గంటలు నాకు ఒక్క సీజన్లో అయిపోతాయి. తాపీ మేస్త్రీకి, వడ్రంగికి ముందునుంచీ తెలిసిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే స్కీము కేంద్రానికి ఉంది కదా. మాకెందుకు ఆ దారి తెరవరు? చేసిన పని చూడండి, తెలియంది నేర్పండి, ఆ తర్వాత పరీక్ష పెట్టండి. ఫెయిలైతే కుర్చీ వద్దంటాను.”

ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరూ ఒక గట్టుకి చేరినట్టే కనిపించారు. కానీ అక్క వదల్లేదు. ఇంకా పెద్ద ప్రశ్న ఆవిడ దగ్గర మిగిలే ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాడి చేతిలో ఆడపిల్ల క్షేమంగా ఉంటుందని ఎవరు చెప్పారు? 2022లో స్లొవేనియాలో శిక్షణకి వెళ్లిన మన సైక్లింగ్ క్రీడాకారిణి తన కోచ్ మీద ఫిర్యాదు చేసింది. భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) ఆ కోచ్ కాంట్రాక్టు రద్దు చేసింది. ఆడపిల్లలు బయటికి వెళ్లే జట్టుతో ఆడ కోచ్ తప్పకుండా ఉండాలని ఆ తర్వాత ఆదేశాలొచ్చాయి. మరుసటి ఏడాది వేధింపుల మీద న్యాయం కోసం జంతర్ మంతర్ దగ్గర రెజ్లర్లు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. “ఆడ కోచ్ తప్పకుండా ఉండాలన్నారు. ఎక్కడున్నారండీ ఆడ కోచ్‌లు? డిగ్రీ, హిందీ, ఏడాది సెలవు, ఇవన్నీ అడ్డం పెట్టాక ఎంతమంది మిగులుతారు? మా ఊళ్లో తల్లులు ఆడపిల్లని పొద్దున్నే చీకట్లో పంపుతున్నారంటే నా చేతిలో కాగితం చూసి కాదండి, నేను ఆడదాన్నని.”

ఆ మాటకి ఎదురు లేదు. మాస్టారు కూడా చెప్పలేదు. ఒకటి మాత్రం కలిపారు. పోక్సో చట్టం 2012లో వచ్చింది, పిల్ల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసి పోలీసులకి చెప్పకపోవడం కూడా దాని ప్రకారం నేరం. పిల్ల వచ్చి ఏదైనా చెప్పుకుంటే ఎవరికి, ఎలా చెప్పాలో అక్కకి తెలుసా? తెలియదు. తల్లిదండ్రులకి చెప్పి సర్దుకోమంటుందట. అదీ కోర్సులో మొదటి పాఠమే కావాలి అన్నారాయన. ఆవిడ ఒప్పుకుంది.

కుర్చీ సంగతి దగ్గర మాత్రం ఇద్దరూ కదల్లేదు. నేర్చుకునేదాకా పోటీల్లో ఆ కుర్చీ అడగొద్దని మాస్టారు. నేర్పే ఏర్పాటు చెయ్యకుండా కుర్చీ లాగేయొద్దని అక్క. ఈ వ్యాసం రాసేవారికి అక్క మాటలోనే న్యాయం ఎక్కువగా కనిపిస్తోంది, కానీ మాస్టారి భయం తప్పని చెప్పే ధైర్యం లేదు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆ పిల్ల మోకాలు ఇద్దరి వాదనకీ సమాధానం అడుగుతుంది. పరీక్ష తీసేయడం దారి కాదు. పటియాలాకి వెళ్లలేనివాళ్ల కోసం గోపన్నపాలెం లాంటి చోట, తెలుగులో, రెండు వేసవుల్లో పూర్తయ్యే కోర్సు పెట్టడం దారి. భవనాలున్నాయి, మైదానం ఉంది, పాఠం చెప్పగలిగిన రిటైర్డ్ కోచ్‌లు జిల్లాలోనే ఉన్నారు. గాయం, తిండి, బరువు, ఎండ, పిల్లల రక్షణ, ఈ అయిదింటికి కావాల్సింది కొన్ని వారాలే. మిగతా శాస్త్రం తర్వాత మెట్టులో చదువుకోవచ్చు. కోర్సు పూర్తి చేసినవాళ్లకే కుర్చీ అని అప్పుడు నియమం పెడితే దాన్ని ఎవరూ కాదనరు.

లేచే ముందు మాస్టారు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఒక పేజీ చూపించారు. పాత రోజుల్లో తన పిల్లల పొద్దుటి నాడి లెక్కలు. నిద్ర లేచి మంచం దిగకముందే పదిహేను సెకన్లు నాడి పట్టుకుని నాలుగుతో హెచ్చవేస్తారు. ఎప్పుడూ అరవై ఎనిమిది ఉండే పిల్లకి వరసగా రెండ్రోజులు డెబ్బై ఆరు వచ్చిందంటే ఒళ్లు ఇంకా తేరుకోలేదు, లేదా జ్వరం వస్తోంది. ఆ రోజు పరుగు లేదు, ఊరికే కూర్చుని ఆట చూడాలి. “ఇది నాకు పటియాలాలో చెప్పారు. ఖర్చు లేదు. ఒక గడియారం చాలు.”

అక్క ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుంది. వేసవి కోర్సు సంగతి తేలేలోపు ఆదివారాలు లంకకి వచ్చి పాఠం చెప్పమని అడిగింది. వస్తానన్నారు. కానీ ఆరింటికి వస్తే లాభం లేదని, పిల్లలు రొయ్యల షెడ్లకి పోయేలోపు, అయిదింటికే రావాలని ఆవిడ అంది. ఆకివీడు వైపు నుంచి ఆ వేళకి బస్సుండదని ఆయన. చెరువుకి మేత తెచ్చే ఆటో ఉంది, ఎక్కించుకొస్తాడని ఆవిడ. మొదటి ఆదివారం గెంతి దిగడమూ మోకాలే చెప్తానన్నారు. జోన్ పోటీలు దగ్గరపడ్డాయి, ముందు బరువు సంగతి తేల్చండి, 55 దాటిన ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లని ఏం చెయ్యాలో చెప్పండి అని అక్క. ఏమీ చెయ్యకు, వాళ్లని పై జట్టులో ఆడించు అన్నారు మాస్టారు. అలా చేస్తే ఈసారి జట్టు ఓడిపోతుందంది అక్క. ఓడిపోనివ్వు అన్నారాయన. దానికి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.